ముట్టుకుంటేనే తెలిసే జ్వరం



పోయిన భాగం చదివి చాలామంది తమ హాస్టల్ రోజులు రాసి పంపారు. వాటి దగ్గరికి మళ్ళీ వస్తాను. ఈ వారం పేస్‌మేకర్ గురించి రాస్తున్నాను. దానికి పట్టే ఇన్ఫెక్షన్ గురించి, అది నెలల తరబడి ఎందుకు దొరకదో దాని గురించి. తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషికి ఇదెందుకు అనకండి. ఆర్నెల్లు ఆసుపత్రి వరండాల్లో కూర్చుంటే ఎవరైనా కొంత నేర్చుకుంటారు. మిగతాది వైద్యుల మార్గదర్శకాలు తెచ్చుకుని, ఒక డాక్టరు స్నేహితురాలిని పక్కన కూర్చోబెట్టుకుని చదివాను.

ముందుగా ఒక మాట. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చాక కూలికెళ్ళే మనిషి గుండెలోకి కూడా పేస్‌మేకర్ వచ్చింది. నేను దాన్ని చిన్న విషయం అనుకోను. మా తాతల కాలంలో "గాలి సోకి పడిపోయేడు" అని పాతిపెట్టిన మనుషుల్లో ఎంతమంది గుండె కొట్టుకోవడం నెమ్మదించి పోయారో ఎవరూ లెక్క రాయలేదు. మా పెద్దమ్మ అలా పోలేదు. 2023 జనవరిలో, దాళ్వా ఊడ్పుల్లో, మూడోసారి కళ్ళు తిరిగి మడిలో పడినప్పుడు తీసుకెళ్తే నాడి నిమిషానికి 34. గుండె పైగదుల నుంచి కిందిగదులకి కరెంటు వెళ్ళే దారి పూర్తిగా మూసుకుపోయిందన్నారు. రెండు రోజుల్లో పేస్‌మేకర్ పెట్టారు. కార్డు మీదే అయింది. పది రోజుల్లో ఇంటికొచ్చి కోళ్ళకి నూకలు జల్లింది.

ఆ యంత్రం ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకి చెప్తాను. అగ్గిపెట్టె కంటే పల్చగా, టైటానియం డబ్బా. లోపల బ్యాటరీ, చిన్న సర్క్యూటు. ఎడమ భుజం కింద, మెడ దగ్గరి ఎముకకి కాస్త దిగువన చర్మం కోసి, లోపల చిన్న సంచిలాంటి చోటు చేసి దాన్ని కూర్చోబెడతారు. అక్కడి నుంచి ఒకటో రెండో తీగలు రక్తనాళంలోంచి వెళ్ళి గుండె లోపలి గోడకి అంటుకుంటాయి. తీగ రక్తంలోనే మునిగి ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం. మా పెద్దమ్మ దాన్ని బిళ్ళ అంటుంది. ఇప్పుడు పేటంతా బిళ్ళే అంటున్నారు. నేనూ అదే అంటాను.

2024 మే నెలాఖరులో ఆమెకి సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడటం మొదలైంది. పెద్ద జ్వరం కాదు. నూరు, నూరున్నర. పొద్దునకి ఉండదు. అన్నం సయించడం లేదు. మా పేటకి వచ్చే ఆర్‌ఎంపీ మూడు రోజులు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేశాడు. తగ్గింది. పది రోజులకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ మూడు రోజులు. రక్తం తీసి వైడల్ చేయించి టైఫాయిడ్ అన్నాడు. మళ్ళీ తగ్గింది, మళ్ళీ వచ్చింది.

ఆర్‌ఎంపీని తిట్టడం తేలిక, నేను తిట్టను. రాత్రి పదింటికి కబురు పెడితే బండి వేసుకుని మా పేటలోకి వచ్చేది ఆయనొక్కడే. కానీ ఆ మూడేసి రోజుల ఇంజెక్షన్ల వల్ల ఏం జరుగుతుందో మాత్రం చెప్పాలి.

బిళ్ళకి పట్టే క్రిములు ఎక్కువగా స్టాఫిలోకాకస్ జాతివి. వాటిలో ఎపిడెర్మిడిస్ అనే రకం ప్రతి మనిషి చర్మం మీదా ఉంటుంది. అగ్రహారంలోనూ ఉంటుంది, పేటలోనూ ఉంటుంది, దానికి ఈ గొడవలేవీ లేవు. చర్మం మీద ఉన్నంతకాలం ఏమీ చేయదు. ఆపరేషన్ రోజునో, బ్యాటరీ మార్చిన రోజునో నాలుగు క్రిములు లోపలికి జారితే చాలు, డబ్బా మీద, తీగ మీద చేరి తమ చుట్టూ జిగురు పొర కట్టుకుంటాయి. మన కాలవ రేవుల్లో మెట్ల మీద పాచి పడుతుంది చూడండి, పైన ఎన్ని నీళ్ళు పారినా కదలదు, అలాగన్నమాట. ఆ పొర లోపలికి మందు సరిగా పోదు. పొరలోంచి బయటపడి రక్తంలోకి వచ్చిన క్రిముల్ని మాత్రం ఇంజెక్షన్ చంపేస్తుంది. అందుకని జ్వరం తగ్గుతుంది. ఇంజెక్షన్లు ఆపాక పొరలోంచి మళ్ళీ కొన్ని వస్తాయి. జ్వరం వస్తుంది. పెట్టిన ఏడాదికో, రెండేళ్ళకో కూడా ఇలా బయటపడవచ్చు. అప్పటికి బిళ్ళ పెట్టిన సంగతే ఇంట్లో సగం మర్చిపోయి ఉంటారు. పెట్టించుకున్న వందమందిలో ఒకరిద్దరికి వచ్చేది ఇది. బ్యాటరీ మార్పించుకున్నవాళ్ళకి, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి ఇంకాస్త ఎక్కువ.

ఈ జబ్బుని పట్టుకోవాలంటే రక్తం తీసి సీసాల్లో పోసి క్రిములు పెరుగుతాయేమో చూడాలి. బ్లడ్ కల్చర్ అంటారు. అది యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే తీయాలి. ముందే మందు పడితే సీసాలో ఏమీ పెరగదు. రిపోర్టులో "పెరుగుదల లేదు" అని వస్తుంది, ఇన్ఫెక్షన్ లేదు అని ఇంటికి పంపుతారు. మా పెద్దమ్మకి ఆగస్టులో పట్నంలో ఒక ఆసుపత్రిలో సరిగ్గా ఇదే జరిగింది. అప్పటికి ఆమె ఒంట్లో నాలుగు విడతల మందు పడి ఉంది. ఛాతీ మీద నుంచి చేసే ఎకో కూడా చేశారు. అందులో ఏమీ కనిపించలేదు. గుండె బాగుందని రాశారు.

తర్వాత దగ్గు వచ్చింది. బరువు తగ్గింది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లో రెండు మూడు చోట్ల మచ్చలు. మా జిల్లాలో కూలికెళ్ళే ఆడమనిషి, సన్నబడింది, సాయంత్రం జ్వరం, దగ్గు, ఊపిరితిత్తుల్లో మచ్చలు. ఏం రాస్తారు? టీబీ అని రాశారు. గళ్ళలో క్రిమి దొరకలేదు, అయినా మందులు మొదలుపెట్టారు. నిజానికి గుండెలో తీగ మీద పేరుకున్నదాని తునకలు రక్తంతోపాటు ఊపిరితిత్తుల్లోకి పోయి ఇలాంటి మచ్చలే చేస్తాయి. ఇంకో తిరకాసు కూడా ఉంది. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది. అది స్టాఫిలోకాకస్ మీద కూడా పనిచేసే మందు. అందుకని నెలరోజులు ఆమెకి కాస్త నయంగానే అనిపించింది. నయమైంది కాబట్టి అది టీబీయేనని అందరూ నమ్మారు.

ఇంతకాలమూ పెద్దమ్మ ఒక మాట చెప్తూనే ఉంది. "బిళ్ళ కాలతందే అమ్మాయ్." ఆర్‌ఎంపీకి చెప్పింది. నర్సింగ్ హోంలో చెప్పింది. "ఎర్రగా ఏమీ లేదమ్మా, బాగానే ఉంది" అన్నారు. ఒకచోట ఆమె పైట జరిపితే బల్లకి అవతల నుంచే చూసి తల ఊపారు.

అక్టోబరులో వేరే ఊళ్ళో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ డ్యూటీలో ఉన్నది పీజీ చదువుతున్న అమ్మాయి, పాతికేళ్ళు దాటి ఉండవు. ఫైలు తిప్పడానికి ముందే "మీకు ఎక్కడ బాగాలేదమ్మా" అని అడిగింది. పెద్దమ్మ పాత మాటే చెప్పింది. ఆ అమ్మాయి తెర లాగి, రవిక హుక్కులు తీయమని, తన చేతి వెనకభాగాన్ని బిళ్ళ మీద ఆనించింది. తర్వాత కుడివైపు అదే చోట. మళ్ళీ ఎడమవైపు. అలా నాలుగైదు సార్లు. తర్వాత వేళ్ళతో చర్మాన్ని మెల్లగా జరిపి చూసింది. కుడివైపు చర్మం జరుగుతోంది. ఎడమవైపు డబ్బాకి అతుక్కుపోయి ఉంది.

"వెచ్చగా ఉంది. ఎన్నాళ్ళయింది?"

"ఆర్నెల్ల నుంచీ చెప్తన్నానండి."

వైద్యంలో రెండు వేల ఏళ్ళ నాటి పాఠం ఒకటి ఉంది. రోమ్‌లో సెల్సస్ అనే ఆయన వాపుకి నాలుగు గుర్తులు రాశాడు. ఎరుపు, వాపు, వేడి, నొప్పి. ఇప్పటికీ ఎంబీబీఎస్‌లో అవే నేర్పుతారు. ఎరుపూ వాపూ దూరం నుంచి చూస్తే తెలుస్తాయి. వేడి తెలియాలంటే ముట్టుకోవాలి. నొప్పి తెలియాలంటే అడగాలి, చెప్పింది నమ్మాలి. మన దేశంలో మన ఒంటి విషయంలో ఈ రెండే కదా కరువు!

పోనీ ఎరుపు కనిపిస్తుందా అంటే, అది తెల్లచర్మం మీద కనిపించే గుర్తు. పుస్తకాల్లో బొమ్మలన్నీ ఎక్కువగా ఆ చర్మానివే. లండన్‌లో సెయింట్ జార్జెస్‌లో వైద్యం చదువుతున్న మలోన్ ముక్వెండే అనే నల్లజాతి విద్యార్థి, తన చర్మం మీద ఈ గుర్తులు ఎలా ఉంటాయో ఎవరూ చెప్పడం లేదని, 2020లో ఇద్దరు అధ్యాపకులతో కలిసి "మైండ్ ద గ్యాప్" అనే చిన్న పుస్తకం తెచ్చాడు. నల్లచర్మం మీద వాపు ఎర్రగా ఉండదు. ఊదాగా, బూడిదగా, చుట్టూ ఉన్నదానికంటే ఒక వన్నె ముదురుగా ఉంటుంది. మా పెద్దమ్మ బిళ్ళ మీద చర్మం నేరేడుపండు రంగులో ఉంది. అది ఆమె రంగే అనుకున్నారు.

ఇక్కడ నా పాఠం కొంచెం చెప్పనివ్వండి. మన కావ్యాల నిండా కందిపోయే చర్మాలే. ముట్టుకుంటే కందిపోతుంది, ఎండకి కందిపోతుంది, పూలు తగిలినా కందిపోతుంది. కందడం అంటే ఎర్రబడటం, అది ఎవరి ఒంటికి వస్తుందో తెలుసు. మన ఒంటికి భాషలో దొరికిన మాట కమలడం. కమిలినదాన్ని ఎవరూ వర్ణించలేదు. క్లాసులో ఎన్నిసార్లు ఈ రెండు మాటల తేడా చెప్పానో. ఇది ఒక రోగిని నెలల తరబడి తిప్పగలిగే తేడా అని మాత్రం ఆ తెర పక్కన నిలబడ్డప్పుడే తెలిసింది.

అంబేడ్కర్ "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" చదివినవాళ్ళకి ఈపాటికి ఒకటి గుర్తొచ్చి ఉంటుంది. కాఠియావాడ్‌లో ఒక దళిత టీచరు రాసిన ఉత్తరం. 1929 డిసెంబరు 12 నాటి యంగ్ ఇండియాలో వచ్చింది, బాబాసాహెబ్ దాన్ని తన పుస్తకంలో పెట్టుకున్నారు. భార్య బాలింత, జబ్బు చేసింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఆమెను వాడ బయటికి తెస్తే చూస్తానన్నాడు, రెండు రూపాయల ఫీజు. వచ్చి థర్మామీటరు ఒక ముస్లిం చేతికి ఇచ్చాడు, ఆయన టీచరుకి ఇచ్చాడు, టీచరు భార్యకి పెట్టాడు. అదే వరసలో వెనక్కి వచ్చింది. డాక్టరు దీపం వెలుగులో దాన్ని చూసి న్యుమోనియా అన్నాడు. ముట్టుకోలేదు. ఆమె బతకలేదు. మనం ఈ కథని అవమానం కింద చదువుతాం. నేనూ అలాగే చదివాను, పిల్లలకి అలాగే చెప్పాను. ఇప్పుడు రోగనిర్ధారణ పాఠంగా కూడా చదువుతున్నాను. థర్మామీటరు అంకె చెప్పగలదు. వేడి ఎక్కడుందో చెప్పలేదు.

మా పెద్దమ్మని దూరం నుంచి చూసినవాళ్ళంతా కులం అడిగి చూశారని నేను అనడం లేదు. కొందరు ఓపీలో రెండు నిమిషాలకి ఒకరిని చూడాల్సినవాళ్ళు. ఒకాయన మనవాడే. అయితే ఆ రెండు నిమిషాల్లో ఎవరి ఒంటి మీద చెయ్యి పడుతుంది, ఎవరి మాట ఫైల్లోకి ఎక్కుతుంది అన్నది ఎక్కడో ముందే తేలిపోయి ఉంటుంది. ఆర్నెల్ల ఫైలు మొత్తం నేను చదివాను. "బిళ్ళ కాలుతోంది" అన్నమాట ఏ భాషలోనూ ఒక్కచోట కూడా లేదు.

తర్వాత ఏం చేశారో వరసగా చెప్తాను, మీలో ఎవరికైనా పనికొస్తుంది.

ఆమె ఆరోగ్యం నిలకడగా ఉంది కాబట్టి వార్డులోనే ఉంచి, మందులన్నీ ఆపి, కనిపెట్టుకుని ఉన్నారు. ఇది ఇంట్లో మనంతట మనం చేయాల్సిన పని కాదు, పొరపాటున కూడా చేయకండి. కొన్ని రోజుల తర్వాత జ్వరం తిరగబెట్టగానే వేరువేరు చోట్ల నుంచి, వేరువేరు వేళల్లో మూడుసార్లు రక్తం తీశారు. మూడుసార్లు ఎందుకంటే, చర్మం మీది ఆ ఎపిడెర్మిడిస్ సూది గుచ్చేటప్పుడు కూడా సీసాలోకి జారగలదు. ఒక్క సీసాలో పెరిగితే "చర్మం మీదిది కలిసింది" అని పక్కన పెట్టేస్తారు. అది చాలాసార్లు నిజమే కూడా. రెండు మూడు సీసాల్లో అదే పెరిగి, ఒంట్లో బిళ్ళ కూడా ఉంటే అప్పుడు పక్కన పెట్టకూడదు. పెద్దమ్మకి మూడింటిలో రెండింట్లో పెరిగింది.

గొంతులోంచి గొట్టం దింపి చేసే ఎకో చేశారు. ఛాతీ మీద నుంచి చేసే ఎకోలో తీగ మీద ఉన్నవి చాలావరకు కనిపించవు. ఆహారనాళం గుండె వెనకాలే ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి చూస్తే దగ్గరగా, స్పష్టంగా కనిపిస్తుంది. తీగ మీద దారంలాంటిది ఊగుతోంది. అదైనా పూర్తి రుజువు కాదట. ఇన్ఫెక్షన్ లేనివాళ్ళ తీగల మీద కూడా చిన్న గడ్డల్లాంటివి ఉంటాయట. ఈ జబ్బులో ఏ ఒక్క పరీక్షా తనంతట తాను తీర్పు చెప్పదు. అన్నీ కలిపి తూచాలి. దానికి డ్యూక్ ప్రమాణాలని ఒక పట్టిక ఉంది, 1994 నాటిది. 2023లో సవరించి పెట్‌ సీటీ స్కాన్‌ని కూడా ముఖ్యమైన సాక్ష్యంగా చేర్చారు.

ఆ స్కాన్‌కి విశాఖ వెళ్ళాం. రేడియోధార్మికత కలిపిన చక్కెరలాంటి పదార్థం ఎక్కిస్తారు. ఇన్ఫెక్షన్ ఉన్నచోట రక్తకణాలు పోరాడుతూ చక్కెర ఎక్కువ లాక్కుంటాయి, ఆ చోటు తెరమీద వెలుగుతుంది. ఆ పదార్థం బలం 110 నిమిషాల్లో సగమైపోతుంది. మా రాజోలు వైపు నుంచి అమలాపురం మీదుగా, ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి దాటి కాకినాడ చేరేసరికే అంతకంటే ఎక్కువ పడుతుంది. అందుకే ఇలాంటి స్కాన్లు పెద్ద నగరాల్లోనే ఉంటాయి, మనం వెళ్ళాలి. (ఆ వారధి లేని రోజుల్లో పంటు మీద దాటేవాళ్ళం. బాలయోగి గారి గురించి ఒక భాగం బాకీ ఉన్నాను.) తెరమీద బిళ్ళ చుట్టూ వెలిగింది. తీగ వెంట వెలిగింది. ఊపిరితిత్తుల్లో "టీబీ మచ్చలు" వెలిగాయి. పెద్దమ్మ ఆ బొమ్మ చూసి "చెప్పేనా కాలతందని" అంది. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

ఇది తేలాక మందులతో సరిపెట్టకూడదు. డబ్బా, తీగలు మొత్తం తీసేయాలి. జిగురు పొర ఉన్నంతకాలం జబ్బు తిరిగి వస్తుంది. డాక్టర్లకి ఇది తెలియక కాదు, తీయడం కష్టం కాబట్టి వెనకాడతారు. ఏడాది దాటిన తీగ రక్తనాళానికీ గుండె గోడకీ అతుక్కుని ఉంటుంది, లాగితే చిరగవచ్చు. పక్కన గుండె సర్జన్ సిద్ధంగా ఉండాలి. డబ్బున్న దేశాల్లోనూ ఇదే తంతు. 2022లో అమెరికా హృద్రోగ సదస్సులో మెడికేర్ రోగుల లెక్కలు చెప్పారు. బిళ్ళకి ఇన్ఫెక్షన్ ఉందని తేలినవాళ్ళలో కూడా ఐదుగురిలో ఒకరికైనా దాన్ని తీయలేదు. తీసినవాళ్ళలోనూ తొందరగా తీసినవాళ్ళు ఎక్కువమంది బతికారు.

పెద్దమ్మకి నవంబరులో హైదరాబాద్‌లో తీశారు. ఖర్చు సంగతి ఇక్కడ రాయను, అది వేరే కథ. తీసిన డబ్బాని, తీగల్ని పారేయకుండా నీళ్ళలాంటి ద్రవంలో పెట్టి శబ్దతరంగాలతో కదిలిస్తే జిగురు పొర ఊడి వస్తుంది. దాన్ని కల్చర్‌కి పెట్టారు. రక్తంలో పెరిగిన క్రిమే అక్కడా పెరిగింది. మెడలోంచి తాత్కాలిక తీగతో గుండెని నడిపిస్తూ, రక్తం శుభ్రమయ్యాక కుడివైపు కొత్త బిళ్ళ పెట్టారు. మందులు మొత్తం ఆరు వారాలు. టీబీ మందులు ఆపేశారు.

ఈ జనవరిలో మా అంబేడ్కర్ భవనంలో కుర్రాళ్ళు ఒక పని మొదలుపెట్టారు. పేటలో ఎవరెవరికి గుండెలో బిళ్ళ ఉందో ఇల్లిల్లూ అడిగి రాసుకున్నారు. ప్రతివాళ్ళకీ ఒక కార్డు ఇచ్చారు, ప్లాస్టిక్ కవరులో. తెలుగులో నేను రాశాను, నా డాక్టరు స్నేహితురాలు సరిచూసింది. అందులో ఉన్నది ఇది:

నా ఛాతీలో పేస్‌మేకర్ ఉంది. పెట్టిన తేదీ ఫలానా. నాకు కారణం తెలియని జ్వరం ఉంటే, యాంటీబయాటిక్ ఇచ్చే ముందు దయచేసి బ్లడ్ కల్చర్ తీయండి. బిళ్ళ ఉన్నచోటు చేత్తో ముట్టుకుని చూడండి, రెండో వైపుతో పోల్చండి. బిళ్ళ దగ్గర నీరు చేరినా సూది గుచ్చి తీయవద్దు. బిళ్ళ పెట్టిన ఆసుపత్రికి కబురు చేయండి.

ఆర్‌ఎంపీకి కూడా ఒక కార్డు ఇచ్చాం. ఆయన ఏమీ నొచ్చుకోలేదు. "ఇది నాకెవరూ చెప్పలేదండి" అన్నాడు. పర్సులో పెట్టుకున్నాడు. మీ ఊళ్ళో ఇలాంటి జాబితా తీయాలనుకునేవాళ్ళు అడగండి, కార్డు ఫైలు పంపుతాను.

జాబితా రాస్తుంటే మా వీధి చివర ఒక ముసలాయన దొరికాడు. ఒకప్పుడు కొబ్బరి దింపు తీసేవాడు. పోయిన వేసవిలో బ్యాటరీ మార్చారట. జ్వరమేమీ లేదు. బిళ్ళ మీద చర్మం పల్చబడి మెరుస్తోందని, రాత్రిళ్ళు దురద పెడుతోందని, డాక్టరుకి చెప్పేంత పెద్ద విషయం కాదులే అని ఊరుకున్నానని చెప్పాడు. మా తమ్ముడు చెయ్యి పెట్టి చూశాడు. రెండు వైపులా చూశాడు. సోమవారం తెల్లవారుజామున మొదటి బస్సుకి ఆయన్ని తీసుకుని బయల్దేరుతున్నాం.

జై భీమ్.